నూతి సెలవు రోజున తీసిన ముప్పైఆరు కొలతల గురించి

నడింపుట్టుగ గ్రామం, ఉద్దానం.
తేది: 12-04-2026, ఆదివారం.

జలమట్టాల నమోదు మరియు తనిఖీ విభాగము అధికారి గారి సముఖమునకు,
క్యాంపు కార్యాలయము, పలాస.

అయ్యా,

విషయం: మా ఊరి మంచినీటి నూతి కొలతలు నిజమే అయినను తప్పుగా ఉన్నవని, ఆ తప్పు పూర్తిగా నాదేనని ఒప్పుకొనుట గురించియు, ఈ నెల 17వ తేదీ శుక్రవారం జరుగు తనిఖీని దయచేసి మరొక రోజుకు, ఏ రోజుకైనా సరే, మార్చమని కోరుట గురించియు.

సూచిక: (1) ఇదివరలో నేను సమర్పించిన అర్జీలు రెండు. (2) వాటికి రాని జవాబులు రెండు.

పై విషయమును పురస్కరించుకొని నేను తమరికి సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా పేరు బమ్మిడి తాతారావు. వయస్సు యాభై ఎనిమిది. ఎకరన్నర కొబ్బరి, జీడి తోట కలదు. పదవ తరగతి వరకు చదువుకొన్నాను. 2023 ఏప్రిల్ నుండి తమ విభాగము వారు నన్ను మా గ్రామమునకు ‘నీటి నేస్తం’గా నియమించి, ఒక టేపు, మెడలో వేసుకొను కార్డు, నీటిలో ఉప్పు చూసే పరీక్ష కాగితాలు కొన్ని ఇచ్చియున్నారు. జీతము లేదు, నేను అడగలేదు. నెలకొకసారి నూతి గట్టు మీద నుండి నీటి వరకు టేపు వదిలి, ఎన్ని అడుగుల లోతున నీరున్నదో చూసి, ఫోనులో ఫొటో తీసి పంపుట నా పని. ముప్పైఆరు నెలల్లో ఒక్క నెల తప్పలేదు. గాలివాన కొట్టిన నెలలో కూడా నడుముకు తాడు కట్టుకొని వెళ్ళి కొలిచి వచ్చాను. “నూతిలో పడితే నిన్ను కొలవడానికి ఎవుడొత్తాడు?” అని మా ఆవిడ ఆ రోజంతా కసురుతూనే ఉంది. ఇంత శ్రద్ధగా చేసిన పని వల్ల ఊరికి ఇంత కీడు జరుగునని నేను కలలో కూడా అనుకోలేదు.

2. మా ఊరి పద్ధతి తమరికి తెలియవలసి యున్నది. తెలియకనే ఈ గొడవంతా వచ్చినది.

మా ఊళ్ళో అరవై గడపలకు తాగునీటి నుయ్యి ఒక్కటే. సముద్రం మాకు తూర్పున మైలున్నర. మా ఇసుక కింద తీపి నీరు పైన, ఉప్పు నీరు అడుగున ఉంటాయి. పైది ఎక్కువ తోడితే కిందది ఎక్కి వస్తుంది. పద్దెనిమిదేళ్ళ కిందట ఒడ్డునున్న పేట వాళ్ళు లోతు బోర్లు వేసి, మోటార్లు పెట్టి, రెండు వేసవులు రాజాల్లాగా నీళ్ళు వాడారు. మూడో వేసవికి ఉప్పు తగిలింది. ఈ రోజుకీ వాళ్ళు బండి మీద వచ్చే డబ్బా నీళ్ళే తాగుతున్నారు. ఒకసారి ఉప్పు తగిలిన నుయ్యి మళ్ళీ తీపెక్కిన దాఖలా మా ప్రాంతంలో నేను ఎరగను.

అది చూసి మా పెద్దలు కూర్చుని మాట అనుకొన్నారు. ఊళ్ళో బోరు వేయరాదు. నూతికి మోటారు పెట్టరాదు. ఇంటికి రోజుకు ఆరు బిందెలు. పెళ్ళయినా చావయినా అడిగి తీసుకోవాలి. కొబ్బరి మొక్కలకు ఇసుక గుంటల్లోంచి కావిడితో, రోజు విడిచి రోజు. ప్రతి అమావాస్యకు నూతికి సెలవు. ఆ రోజు తెల్లవారినప్పటి నుండి మర్నాడు తెల్లవారే వరకు ఎవరూ చేద వేయరు. ముందు రోజే కాగులు నింపుకుంటాం. ఆ రోజు చుట్టం వస్తే మజ్జిగ పోస్తాం. ఈ మాట ఏ కాగితంలోనూ లేదు. అందరికీ తెలిసిన సంగతి కనుక ఎవరూ రాసుకోలేదు.

3. నా తప్పు ఇక్కడ జరిగినది. మామూలు రోజుల్లో నూతి దగ్గర సందు ఉండదు. చేదలు దిగుతుంటాయి, గిలక తిరుగుతుంటుంది, నీరు ఊగుతుంటుంది, టేపు అడ్డం వచ్చిందని ఆడవాళ్ళు తిడతారు. అమావాస్య నాడు గట్టు మీద పిట్ట కూడా ఉండదు. నీరు అద్దంలా నిలబడి ఉంటుంది. ఫొటో బాగా పడుతుంది. నెలకొకసారి కనుక తేదీ మరిచిపోయే భయమూ లేదు. అందుచేత ముప్పైఆరు కొలతలూ అమావాస్య సాయంత్రాలే తీశాను.

నియామకం రోజున తమ సిబ్బంది వచ్చి మామూలు రోజున కొలిస్తే నీరు పందొమ్మిది అడుగుల లోతున ఉంది. తరువాత నేను కొలిచిన ప్రతిసారీ పదిహేను, కాస్త అటూ ఇటూ. పగలంతా ఎవరూ తోడకపోతే నుయ్యి ఊరదా అండీ? మర్నాడు మధ్యాహ్నానికి మళ్ళీ పందొమ్మిదే. నేను మోసం చేయలేదు. టేపు అబద్ధం చెప్పలేదు. కొలిచిన రోజు ఒక్కటే తప్పు.

4. గత డిసెంబరులో తమ కార్యాలయపు ఉత్తరువు నకలు మా పంచాయతీ గోడకు అంటించారు. అందులో, “గ్రామస్తుల వినియోగము మిక్కిలి తక్కువగాను, నీటిమట్టము నాలుగు అడుగుల పెరుగుదలతో సంతృప్తికరముగాను ఉన్నందున, సదరు మిగులు జలమును వాణిజ్య వినియోగమునకు కేటాయించుట కభ్యంతరము లేదు” అని ఉన్నది. మిగులు అన్న ఆ మాట నేను గోడ దగ్గర నిలబడి నాలుగుసార్లు చదివాను. మేము నోరు కట్టుకొని దాచుకున్న నీరు తమకు మిగులుగా కనబడినది.

ఊరికి పడమర పన్నెండెకరాల జీడి తోట కొట్టేసి సీసాల నీళ్ళ కంపెనీ షెడ్డు లేచింది. మూడు బోర్లు, ఒక్కొక్కటి రెండు వందల ఎనభై అడుగులు. మార్చి నుండి, మోటార్లు నడిపి చూడడానికే అని చెప్పి, రోజంతా నడుపుతున్నారు. సీసా మీద కొబ్బరి చెట్టు బొమ్మ కూడా వేశారు.

5. నేను పలాస వచ్చి తమ కార్యాలయములో కంప్యూటరు చూసే నిరంజన్ గారిని కలిసి తప్పు ఒప్పుకున్నాను. ఆయన మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

“అయితే మీ కొలతలు తప్పా అండీ?” అని అడిగారు.

“కొలతలు రైటే బాబూ. రోజే తప్పు. నూతికి సెలవు రోజున కొలిసీసినాను,” అన్నాను.

“నూతికి సెలవేంటండీ! సిస్టంలో అలాంటి కాలమ్ లేదు,” అని ఆయన కాసేపు మీటలు నొక్కి చూశారు. “చూడండి తాతారావు గారూ, కొలతలు తప్పని రాసిస్తే ముప్పైఆరూ క్యాన్సిల్. అప్పుడు మీ ఊరికి రికార్డే ఉండదు. రికార్డు లేని ఊరు అబ్జెక్షన్ పెట్టడానికి లేదు. పైగా తప్పుడు డేటా ఇచ్చారని మీ మీద రిపోర్టు పంపాలి. కొలతలు రైటని రాసిస్తే మిగులు ఉన్నట్టే. కంపెనీ పర్మిషన్ అలాగే ఉంటుంది.”

“మూడో దారి?”

“మూడోది లేదండీ.”

నా ముఖం చూసి జాలి పడ్డారేమో, టీ తెప్పించి గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పారు. “అసలు మీరు నీళ్ళు తక్కువ వాడుతున్నారండీ, అదే మీ ప్రాబ్లం. ఊళ్ళో నాలుగు బోర్లు వేయించండి. మోటార్లు పెట్టించండి. వాడకం పెరిగితే మిగులు తగ్గుద్ది, మిగులు తగ్గితే కంపెనీ కోటా తగ్గుద్ది.” మంచి మనసుతోనే చెప్పారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఆ మాటే నెమరువేశాను. నీళ్ళు నిలబెట్టుకోవాలంటే తోడి పారబొయ్యాలట. ఇది ఏ లెక్కండీ? తోడితే మా వల్ల ఉప్పు తగులుతుంది. తోడకపోతే కంపెనీ వల్ల తగులుతుంది. ఏ పక్కకి అడుగేసినా సముద్రమే.

6. (ఈ నంబరు మీద మొదట రాసినదంతా నా బావమరిది మీద తిట్లు కనుక కొట్టివేశాను. మన్నించవలెను.)

7. నేను చేసిన రెండో తప్పు, నిరంజన్ గారి మాటను ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పడం. అప్పుడు మా బావమరిది జోగారావు అక్కడే కూర్చుని ఉన్నాడు. వాడు మా ఆవిడ తమ్ముడు, ఇల్లు మాకు ఎదురే. చేద ఒలికితే పెళ్ళాం మీద కేకలేసే మనిషి. నాలుగో రోజుకు టెక్కలి నుంచి బోరు లారీ తెచ్చి వాడి పెరట్లో నిలబెట్టాడు. నేను లారీకి అడ్డంగా నిలబడ్డాను. నలుగురు పట్టుకొని నన్ను పక్కకు లాగారు. పదిహేనేళ్ళుగా ఎవరూ తప్పని మాట ఆ పూట తప్పిపోయింది. నాకు ఏడుపు వచ్చింది, అందరి ముందూ ఏడ్చాను.

ఇప్పుడు వాడి మోటారు పొద్దున్న నుంచి ఆడుతోంది. మొక్కలు తడిశాక కూడా ఆపడు. నీరు దారి మీద పడి, ఇసుకలో ఇంకిపోతోంది.

“ఒరే జోగా, పారబోత్తన్నావు గదరా!” అన్నాను.

“ఏటి బావా అలగ సూత్తావు? నువ్వు సెప్పిన మాటే గదా నాను సేత్తన్నాను. వాడకం సూపించాల. నాను ఒగ్గీసిన నీల్లు ఆ కంపెనీవోడు సీసాల్లో పోసుకుంటాడు. ఆడు తాగడం కన్నా మన ఇసకే తాగనీ.”

“ఉప్పు తగిలితే?”

“తగల్దేటి, తగుల్తాది! నాను ఆపితే తగలడం మానేత్తాదా? ఆ మాట నాకు సెప్పు, ఇప్పుడే స్విచ్చు కట్టీత్తాను.”

నేను వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను. వాడి తరువాత మరి ముగ్గురు బోర్లు వేశారు. ఊళ్ళో నాతో సరిగా మాట్లాడేవారు లేరు. కొలతలకు నేను కంపెనీ దగ్గర ముడుపు తిన్నానని కూడా అంటున్నారు. మెడలో కార్డు వేసుకొని బయటికి పోవడం మానేశాను.

8. మా ఆవిడ గౌరీశ్వరి గురించి రాయాలా వద్దా అని ఆలోచించి, రాస్తున్నాను. ఆమెకు రెండేళ్ళుగా కిడ్నీలు పని చేయవు. మా వైపు ఇది కొత్త జబ్బు కాదు. కారణం పెద్ద పెద్ద డాక్టర్లే తేల్చలేదు, నేను తేల్చను. మంగళవారం, శనివారం పలాస తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించి తెస్తాను. రోజుకు లీటరు నీళ్ళు మించరాదన్నారు. పావు లీటరు గ్లాసు ఒకటి ఉంది, పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. చుట్టూ కొబ్బరి తోటే గాని కొబ్బరి నీళ్ళు కూడా తాగకూడదు. ఎండాకాలం నాలుక పిడచగట్టుకుపోతే తడిగుడ్డ పెదాలకు అద్దుకొని కూర్చుంటుంది. ఒక్కరోజు కూడా ఐదో గ్లాసు అడగలేదు.

మొన్న అరుగు మీద కూర్చుని తమ్ముడి మోటారు నీళ్ళు దారిలో పోతుంటే చూస్తోంది. చాలాసేపు చూసి, “సూడయ్యా, నా ఏడాది నీల్లు ఆడి గుమ్మం ముందర పోతన్నాయి,” అంది. కోపంగా అనలేదు. అదే నేను తట్టుకోలేకపోయాను.

9. ఇట్లుండగా నా రెండు అర్జీల ఫలితమో మరేమో తెలియదు గాని, నూతిని స్వయముగా తనిఖీ చేయుటకు తమరు వస్తున్నట్లు కబురు వచ్చినది. సంతోషించి క్యాలెండరు చూశాను. ఏప్రిల్ 17, శుక్రవారం, అమావాస్య.

అయ్యా, సంవత్సరంలో మూడు వందల యాభైమూడు రోజులు ఉండగా మీకు ఆ రోజే దొరికినదా! ఆ సాయంత్రం తమరు టేపు వేస్తే పదిహేను అడుగులే పలుకుతుంది. నా ముప్పైఆరు కొలతలకు తమ స్వహస్తముతో ముప్పైఏడవది తోడవుతుంది. ఫోన్ చేసి తేదీ మార్చమని అడిగితే, టూరు ప్రోగ్రాం ఖరారైపోయింది, మార్చే వీలు లేదన్నారు.

ఇక గత్యంతరము లేక, ఈ ఒక్క అమావాస్యకు సెలవు మానేద్దాం, అందరూ మామూలుగా తోడండి, అధికారి గారు అసలు మట్టం చూస్తారు అని ఊరి వాళ్ళను పోగేసి అడిగాను. జోగారావు వెంటనే సరే అన్నాడు. చాలామంది తలూపారు. మా పెద్దమ్మ లక్ష్మమ్మకు ఎనభై దాటాయి, సెలవు పెట్టిన పెద్దల్లో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. ఆమె కర్ర నేలకేసి కొట్టింది.

“ఏరా తాతారావూ, నెలకో రోజు ఆ నుయ్యిని ఊపిరి పీల్సుకోనివ్వనంటన్నావు. మరి ఆ కంపెనీవోడితో నీకు తగువెందుకురా? ఆడూ నువ్వూ ఒకటే గదా!”

“పెద్దమ్మా, ఆఫీసరుకి నిజం సూపించాలి గదే.”

“నిజం సూడాలనుంటే ఆయన్ని మర్నాడు రమ్మను. నీ నోరేటి పడిపోయిందా? ఆఫీసరు కోసం నుయ్యికి సెలవు మాన్పిత్తార్రా? రేపు ఇంకోడొత్తాడు, ఇంకోటి మాన్పిత్తారు.”

జోగారావు కూడా తల దించుకున్నాడు. చివరకు ఆ రోజు చేద వేయరాదనే నిర్ణయించాము. అనగా తమరు వచ్చినప్పుడు మా నుయ్యి నిండుగా కనబడి మా మీదే సాక్ష్యం చెబుతుంది. తెలిసి తెలిసి ఆ నిర్ణయానికి నేనూ చెయ్యెత్తాను.

కావున తమరు దయతలచి:

(అ) 17వ తేదీ గాక మరే రోజైనా, చెప్పకుండా అయినా సరే, మధ్యాహ్నం వేళ వచ్చి నూతిని కొలవవలెను. వీలైతే వరుసగా మూడు రోజులు కొలవవలెను. భోజనము మా ఇంట్లో.

(ఆ) అంతవరకు కంపెనీ బోర్లు మూడింటినీ, మా వాళ్ళ బోర్లు నాలుగింటినీ ఒకే పూట ఆపించవలెను. ఒకరిని ఆపి ఒకరిని వదిలితే ఎవరూ ఆగరు.

(ఇ) తమ కంప్యూటరులో ‘నూతికి సెలవు’ అని ఒక కాలమ్ పెట్టించవలెను. మా ఊరికే గాదు, ఎక్కడైనా తక్కువ వాడుకొని బతికేవారు ఉంటే వారికి కూడా అది ఉపయోగపడును.

(ఈ) తప్పుడు కొలతల కేసు తప్పదంటే నా మీద పెట్టవలెను. ఊరి మీద పెట్టవద్దు. మంగళ, శనివారాలు మాత్రము పిలవవద్దని మనవి, ఆ రోజుల్లో ఆమెను పలాస తీసుకెళ్ళడానికి నేను తప్ప ఎవరూ లేరు.

ఇంతకన్న నాకు రాయుట చేతకాదు. ఈ కాగితమును తమ చిత్తమున ఉంచుకొనవలెను గాని బీరువాలో ఉంచవద్దని వేడుకొనుచు,

తమ విధేయుడు,
ముప్పైఆరు నెలల నీటి నేస్తం,
బమ్మిడి తాతారావు.

జతపరచినవి: టేపు ఒకటి, కార్డు ఒకటి. ఇక నాకు వద్దు.

తా.క.: సోమవారం, ఉదయం. ఈ అర్జీ చేతిలో పట్టుకొని ఆటో కోసం బయలుదేరుతున్నాను. గౌరీశ్వరి పొద్దుటి గ్లాసు నోట పెట్టుకొని, ఒక గుక్క తాగి, కింద పెట్టేసింది.

“ఏటయ్యా, నీల్లలో ఉప్పేటైనా పడిందేటి?”

ఆ గ్లాసు తీసుకొని నేను తాగాను. నాకేమీ తెలియలేదు. జోగారావును పిలిచి ఇచ్చాను, “ఏటీ లేదక్కా, నీల్లలాగే ఉన్నాయి,” అన్నాడు. లక్ష్మమ్మ పెద్దమ్మ తాగింది, ఆమెకూ తెలియలేదు. మీరిచ్చిన పరీక్ష కాగితం ముంచాను, తాగుటకు యోగ్యమని పచ్చ రంగే వచ్చింది. మేమంతా రోజూ ఉప్పు తినేవాళ్ళం. డాక్టర్లు వద్దన్నారని ఆమె రెండేళ్ళుగా ఉప్పు లేని కూడు తింటోంది. ఊరి మొత్తానికి ఆమె నాలుక ఒక్కటే శుభ్రంగా ఉంది.

నూతికి వెళ్ళి కొత్తగా చేద వేసి తోడి తెచ్చాను. మళ్ళీ ఒక చుక్క నాలిక్కి తగిలించుకొని, తల అడ్డంగా ఊపింది. “ఒచ్చీసిందయ్యా,” అంది. జోగారావు ఇంటికి పోయి మోటారు కట్టేశాడు. కంపెనీ మోటార్లు మాత్రం నేను ఇది రాస్తుండగా వినబడుతూనే ఉన్నాయి.

అయ్యా, నాకు భయంగా ఉంది. పైన (అ), (ఆ), (ఇ), (ఈ) అని రాసినవన్నీ తమరు ఎప్పుడు చేస్తారో చేయండి. ఇవాళ మాత్రం ఒక్క పని చేయండి. మా ఊళ్ళో మిగులు నీరు ఉన్నదని తమ సంతకంతో కాగితం ఉన్నది కదా. కంపెనీకి ఇచ్చిన ఆ మిగులులోంచి, ఉప్పు తగలని నీరు, రోజుకు ఒక లీటరు, బమ్మిడి గౌరీశ్వరి, భర్త తాతారావు, అన్న పేరున రాసి ఇప్పించండి. ఆమె అంతకు మించి తాగదు.